శిల్పాల పూర్వోత్తరాలు

(ఉగాదినాటి సాయంకాలం చిక్కపేటలో మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పంచాంగ శ్రవణం అయినది. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఎవరివి వారు లెక్క చూసుకున్నారు. మ్యూజియములలోని రాళ్ళకు కూడా ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఉన్నవని చెప్పడానికి మేము లేచాము.

కార్యదర్శిగారు మాతో "మన ఆంధ్రదేశపు సంగతి ఏదైనా చెప్పండి, రాజకీయం మాత్రం వద్దు" అన్నారు. రాయికన్న నోరులేనిది మరొకటి ఏమున్నది అని రాళ్ళను ఎంచుకున్నాము. చదవగా చదవగా రాజకీయం వాటిలోనూ కావలసినంత ఉన్నదని తేలినది. అందుకు మా పూచీ లేదు.

మేము చరిత్ర పండితులము కాము. మెట్రిక్‌తో చదువు కట్టిపెట్టి రైల్వేలో గుమాస్తా కొలువు చేసుకుంటున్నవాళ్ళము. అయినా ఈ విషయం మాట్లాడడానికి గుమాస్తాకు కొంత అర్హత ఉన్నదని మా నమ్మకం. పార్సెలు ఆఫీసులో ఒక మూట బుక్ అయినదంటే దానితోపాటు ఒక కాగితం పుడుతుంది. పంపినవారెవరు, పుచ్చుకొనేవారెవరు, ఏ స్టేషనులో ఎక్కినది, ఎక్కడ దిగవలసినది, బరువెంత, మూట ఏ స్థితిలో ఉన్నది, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయినది, ఇవన్నీ తెలియాలి. మూట మీది గుర్తు, కాగితం మీది గుర్తు ఒకటి కావాలి. చీటీ ఊడిపోయిన మూట గోదాములో ఒక మూల పడి ఉంటుంది. అందులో పట్టుచీరలున్నా పాతగుడ్డలున్నా ఒకటే. ఎవరైనా వచ్చి ఇది నాది అంటే, ఎట్లా నీది అని అడుగుతాము. అతడు చూపవలసినది కాగితమే. గడువు దాటితే వేలం.

మ్యూజియములో అద్దాల వెనుక నిలబడిన శిల్పానికి సైతం ఇటువంటి కాగితం ఉండాలి. చెక్కిన చోటినుంచి ఆ అద్దాల బీరువా దాకా అది ఎవరెవరి చేతులు మారినది, ప్రతి చేతికీ ఎట్లా వచ్చినది, కొన్నాడా, కానుకగా పుచ్చుకున్నాడా, యుద్ధంలో దోచాడా, దొంగ దగ్గర చవుకగా కొట్టేశాడా, ఇవన్నీ వెదకి వరుసగా కూర్చే పనిని ప్రోవెనెన్స్ పరిశోధన అంటున్నారు. మనకు 'పూర్వోత్తరాలు' అన్న చక్కని మాట ఉన్నది. పిల్లనిచ్చేటప్పుడు మనం విచారించేది అదే. ఈ బెంగుళూరులో 30కి 40 అడుగుల సైటు కొనబోయేవాడు మదర్ డీడ్ ఏది, లింకు దస్తావేజులు ఏవి, ఖాతా ఎవరి పేర ఉన్నది అని వకీలు చుట్టూ నెల రోజులు తిరుగుతాడు. లక్షల డాలర్లు పోసి శిల్పాలు కొన్న పెద్ద పెద్ద మ్యూజియములు చాలాకాలం ఈపాటి జాగ్రత్త కూడా పడలేదు. నిష్ఠూరమైనా నిజం.

ముందుగా మన జిల్లాల సంగతి ఒకటి మనవి చేస్తాము.

దొనకొండ స్టేషను మీలో కొందరు ఎరుగుదురు. గుంటకల్లు నుంచి గుంటూరు పోయే దారిలో మార్కాపురం రోడ్డు దాటిన తరువాత వస్తుంది. అక్కడికి కొద్ది మైళ్ళలో, ప్రకాశం జిల్లాలోనే, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం అనే ఊరు. ఊరి దగ్గర సింగరకొండ అన్న గుట్ట మీద బౌద్ధుల మహాస్తూపం ఒకటి మట్టిలో మరుగుపడి ఉండగా 1964లో డాక్టర్ వేలూరి వెంకట కృష్ణశాస్త్రిగారు గుర్తించారు. 1970ల నాటి త్రవ్వకాలలో సున్నపురాతి పలకలు అనేకం బయటపడినవి. వాటిని అక్కడే భద్రపరచినారు. రాత్రిపూట ఊరికి దూరంగా ఉండే గుట్ట అది. భద్రం అన్న మాటకు అక్కడ ఎంత అర్థం ఉంటుందో పల్లెటూళ్ళనుంచి వచ్చిన మీకు చెప్పనక్కరలేదు. 2001 ప్రాంతంలో అక్కడ దొంగలు పడినారు. పోయినవాటిలో బుద్ధుని కొలిచే భక్తులను చెక్కిన పలక ఒకటి ఉన్నది. ఇంచుమించు మూడడుగుల రాయి. క్రీస్తు తరువాత మూడవ శతాబ్దపు పని.

ఆ పలక 2005లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో తేలినది. అక్కడి నేషనల్ గ్యాలరీవారు న్యూయార్కులో నాన్సీ వీనర్ అనే పేరుమోసిన వర్తకురాలి వద్ద దానిని దాదాపు 6 లక్షల అమెరికన్ డాలర్లకు కొన్నారు. రహస్యంగా ఏమీ కొనలేదు. పెద్ద దుకాణం, రసీదు, మంచి దీపాల వెలుతురులో ప్రదర్శన, అన్నీ సక్రమంగానే కనిపించినవి. కాని చందవరంలో ఉండగా ఎవరో తీసిన ఫోటోలు ఉన్నవి. ఆ ఫోటోలో ఉన్నది, ఈ గోడకు ఆనించినది ఒకే రాయి అని తేలిపోయినది. అది మన దేశంలో ఫోటోకు దొరికిన తేదీ తరువాత, దేశం దాటడానికి న్యాయమైన దారి ఏదీ లేదు. 2016 సెప్టెంబరులో కాన్‌బెర్రాలో సభ చేసి, మన కేంద్ర సంస్కృతి మంత్రి మహేశ్ శర్మగారి చేతికి అప్పగించినారు. ఆ వర్తకురాలు 2021లో న్యూయార్కు కోర్టులో దొంగసొత్తు వ్యవహారంలో తన నేరాన్ని ఒప్పుకున్నది.

ఇందులో మమ్మల్ని ఆకట్టుకున్నది ఆ ఫోటో. సైన్యం కాదు, రాయబారం కాదు, ఉపన్యాసాలు కావు. రాయి ఇంటిదారి పట్టింది ఒక ఫోటో వల్ల. తీసినవారికి ఆనాడు ఇది దొంగను పట్టిస్తుందని తెలిసి ఉండదు. వచ్చినారు, చూసినారు, తీసుకున్నారు, దాచుకున్నారు. దాచుకోవడమే ఇక్కడ ముఖ్యం.

అదే రోజున కాన్‌బెర్రావారు ఇంకొక రెండు విగ్రహాలు కూడా ఇచ్చినారు. ఒకటి కుషాణులనాటి బుద్ధుడు. రెండవది ప్రత్యంగిరాదేవి, తమిళదేశంలో వృద్ధాచలం గుడిలోనిది. ఈ అమ్మవారి సంగతీ ఫోటో వల్లనే తేలినది. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి పరిశోధనాలయం ఒకటి ఉన్నది. వారు 1950ల నుంచి దక్షిణదేశపు గుళ్ళు తిరిగి, లక్షకు పైగా ఫోటోలు తీసి, ఏ ఊరు, ఏ గుడి, ఏ మూల అని రాసిపెట్టుకున్నారు. 1974లో తీసిన ఫోటోలో అమ్మవారు వృద్ధాచలంలోనే కొలువై ఉన్నది. మరి అంతకుముందే దేశం దాటిందని రాసిచ్చిన కాగితానికి ఏమి విలువ? మన ఆంధ్రదేశపు గుళ్ళకు ఇంత నిండైన ఫోటోల భాండాగారం ఒకటి ఉంటే ఎంత బాగుండును!

దొంగకాగితాల సంగతి కూడా కాస్త చెప్పాలి. మంచి సరుకు కాగితంలో మరకలుంటవి, కొట్టివేతలుంటవి, ఒకచోట సంతకం అలుక్కుపోయి ఉంటుంది. దొంగసరుకు కాగితం పెళ్ళికొడుకులా ముస్తాబై వస్తుంది. తమిళదేశంలో శ్రీపురందాన్ అనే పల్లె గుడినుంచి 2006లో కంచు నటరాజు మాయమైనాడు. 2008లో అదే కాన్‌బెర్రా గ్యాలరీ సుభాష్ కపూర్ అనే న్యూయార్కు వర్తకుని వద్ద ఆయనను 50 లక్షల డాలర్లకు కొన్నది. వర్తకుడిచ్చిన కాగితాలలో ఏమున్నది? ఒక సూడాన్ దేశపు రాయబార ఉద్యోగి 1970 ప్రాంతంలో ఢిల్లీలో కొని తీసుకుపోయినాడని. ఆ తేదీయే ఎందుకు? మన ప్రాచీన వస్తువుల చట్టం 1972లో వచ్చినది, 1976 నుంచి అమలైనది. అంతకు ముందే పోయినదంటే గొడవ ఉండదని వాని లెక్క. నిజానికి 1947లోనే పురావస్తువులు పరదేశం పంపడానికి లైసెన్సు కావాలన్న చట్టం ఉన్నది. కొనేవారు ఆ లైసెన్సు ఏది అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. బుకింగు గుమాస్తా అయినా అడిగే ప్రశ్న అది. 2014 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రధాని స్వయంగా నటరాజును తెచ్చి మన ప్రధానికి అప్పగించినారు. కపూర్ 2011లో జర్మనీలో పట్టుబడి, 2012లో మన దేశం చేరి, 2022లో కుంభకోణం కోర్టులో 10 సంవత్సరాల శిక్ష పొందినాడు.

ఈ తలవంపుల తరువాత కాన్‌బెర్రావారు మంచిపనే చేసినారు. సుసాన్ క్రెనన్ అనే మాజీ న్యాయమూర్తిని పిలిచి, తమ వద్దనున్న 36 ఆసియా వస్తువుల పూర్వోత్తరాలు విచారించమన్నారు. సగానికి పైగా వాటి కాగితాలు నిలవలేదని 2016లో ఆమె తేల్చినారు. తరువాత 2021లో ఇంకొక 14 వస్తువులు ఇచ్చివేయడానికి ఒప్పుకున్నారు. వాటిలో రాళ్ళే కాదు, పాత ఫోటోలు కూడా ఉన్నవి. ఒకటి లాలా దీన్‌దయాళ్ గారు 1903లో తీసిన మహారాజా సర్ కిషన్ ప్రసాద్ గారి ఫోటో. హైదరాబాదు నిజాము దివాను ఫోటో ఎక్కడ, కాన్‌బెర్రా ఎక్కడ! ఫోటోకు కూడా పూర్వోత్తరాలు చూడవలసిన రోజులు వచ్చినవి.

ఇది మన ఒక్కరి బాధ కాదు. జర్మనీలో నాజీలు 1933 నుంచి 1945 దాకా యూదుల ఇళ్ళలోని చిత్రాలు గుంజుకున్నారు, అయినకాడికి అమ్మించినారు. 1998లో వాషింగ్టనులో 44 దేశాలవారు కూడి, ఆ పన్నెండేళ్ళలో నాజీలు గుంజుకుని తిరిగి ఇవ్వని చిత్రాలను గుర్తించాలని కొన్ని సూత్రాలు రాసుకున్నారు. అప్పటినుంచే పెద్ద మ్యూజియములలో ఈ పని కోసం ప్రత్యేకంగా ఉద్యోగులు వచ్చినారు. వారు ముందు చిత్రాన్ని తిరగవేసి వెనుకవైపు చూస్తారట. అక్కడ పాత వేలంపాటవారి నంబరు, ఏదో స్టేషను చీటీ, సుద్దతో రాసిన ఒక పేరు ఉంటవి. ముందువైపు అందం, వెనుకవైపు ఆచూకీ! ఆఫ్రికాలో బెనిన్ రాజ్యంనుంచి 1897లో ఇంగ్లీషు సైన్యం కొల్లగొట్టిన కంచు శిల్పాల మీద హక్కును జర్మనీ 2022లో నైజీరియాకు వదులుకున్నది.

ఇంతవరకు చెప్పినదంతా దొంగల కథ. దొంగ దొరికితే సొమ్ము ఇంటికి వస్తుంది. అందులో ధర్మసందేహం లేదు. ఇక చెప్పబోయేది అంత తేలిక కాదు. అమరావతి రాళ్ళ కథ.

అమరావతి రాళ్ళకు మొదటి కాగితం రాతి మీదనే ఉన్నది. మహాచైత్యానికి ఏ పలక ఎవరిచ్చినారో ఆ పలకలమీదనే బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో చెక్కించినారు. చదివినవారు చెప్పగా మాకు ఆశ్చర్యం కలిగినది. ఇచ్చినవారు రాజులకన్న మామూలు జనమే ఎక్కువ. భిక్షుణులు, గృహిణులు, వర్తకులు. సుగంధద్రవ్యాలు అమ్మేవారు ఉన్నారు. విధికుడని ఒక చర్మకారుడు, నాగుడనే ఆయన కొడుకు, తన కుటుంబంవారితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చినాడు. ఈ చిక్కపేట, అవెన్యూ రోడ్డు, తరగుపేటలలో చిన్న అంగళ్ళు పెట్టుకుని ధర్మకార్యానికి చందా రాసేవారున్నారే, అటువంటివారు. రైల్వే భాషలో చెప్పాలంటే పంపినవారు విధికుడు, పుచ్చుకొన్నవారు మహాచైత్యం. ఇంత స్పష్టమైన రసీదు మరి దేనికున్నది?

ఆ తరువాత చాలా శతాబ్దాలకు కాగితాలు అరుదు. 1344 నాటి సింహళ శాసనం ఒకదానిలో ధాన్యకటకంలో బుద్ధుని మందిరానికి మరమ్మతు చేయించినట్లు ఉన్నది, అంటే అప్పటికి ఇంకా కొలిచేవారున్నారన్నమాట. పద్దెనిమిదవ శతాబ్దం చివరికి అది దీపాలదిన్నె అనే మట్టిగుట్ట మాత్రమే. 1796లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు చింతపల్లి విడిచి అమరావతిలో రాజధాని కట్టుకున్నారు. కట్టడాలకు రాళ్ళు కావాలి, దిన్నెలో ఉన్నవి, తీసినారు. దానశీలుడని ఆ ప్రభువుకు పేరు. ఆయనను ఆడిపోసుకోవడం మా ఉద్దేశం కాదు. ఆనాడు పురావస్తు శాఖ లేదు, అదేమిటో చెప్పేవాడూ లేడు. ఆ వార్త విని కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూసినాడు. 1816లో ఆయన తిరిగి వచ్చేసరికి దిన్నె నడిమిభాగం త్రవ్వి చెరువు చేసి ఉన్నది.

మెకంజీ ఒక మంచిపని చేసినాడు. రాళ్ళను కొలిచి, పటాలు గీయించి, గీసినవాని పేరు, తేదీ వేయించినాడు. ఎనభైకి పైబడిన ఆ బొమ్మలు నేటికీ లండనులో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. నేడు ఎక్కడైనా అమరావతి పలక కనిపిస్తే పండితులు ముందు పట్టి చూసేది ఆ బొమ్మలనే. కొన్ని బొమ్మలకు రాళ్ళు దొరికినవి. కొన్ని బొమ్మలున్నవి, రాళ్ళు లేవు. మెకంజీ పేరు లోకమంతా తెలుసు గాని, ఆయన దేశం నలుమూలలా సమాచారం కూర్చడానికి ఆధారం మన కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్యగారు 1803లోనే చిన్నవయసున పోయినారు, తమ్ములు పని సాగించినారు. ఊరూరా తిరిగి కైఫీయత్తులు రాయించిన ఉద్యోగులు వారు. గుమాస్తా రాతకు ఏమి విలువ అనేవారికి మేము వారిని చూపిస్తాము.

తరువాత 1830 ప్రాంతంలో మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే కలెక్టరు కొత్తపేట కట్టించి, దాని అలంకారానికి 33 పలకలు తెప్పించుకున్నాడు. (కోలారు బంగారుగనుల రాబర్ట్‌సన్‌పేట వేరు, అక్కడ వెదకకండి.) 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి ఇంకొన్ని మద్రాసుకు పంపినాడు. అక్కడ అవి ఆరుబయట ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఏళ్ళు గడిపినవి. మద్రాసు మ్యూజియం స్థాపించిన డాక్టర్ ఎడ్వర్డ్ బాల్ఫోర్ గారి హయాములో అవి మ్యూజియం చేరినవి. ఈ బాల్ఫోర్ గారే 1865లో మన బెంగుళూరు మ్యూజియానికి కూడా దారి చూపినాడు. కస్తూర్బా రోడ్డులో ఎర్రమేడ మీరంతా చూసినదే. 1858లో కెప్టెన్ ట్రైప్ ఈ రాళ్ళకు ఫోటోలు తీసినాడు. ఆయన అంతకుముందు బెంగుళూరులో ఉండి తన బర్మా ఫోటోల ప్రతులు వేసుకున్నవాడు. మరుసటి సంవత్సరం 1859లో నూటికి పైగా పలకలు ఓడ ఎక్కినవి.

లండనులో దిగిన తరువాత వాటికి పట్టిన గతి వింటే నవ్వు, దుఃఖం రెండూ వస్తవి. రేవులో కొంతకాలం పడి ఉండి, పిమ్మట ఇండియా మ్యూజియం ఉన్న ఫైఫ్ హౌస్ అనే భవనంలో బండ్లు పెట్టే కొట్టం చేరినవి. ఎవరికీ అక్కర లేదు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ పారిస్ ప్రదర్శనకు బొమ్మలు వెదుకుతూ ట్రైప్ ఫోటోలు చూసి, రాళ్ళెక్కడ అని అడిగి, ఆ కొట్టంలో కనిపెట్టినాడు. చూడండి, మళ్ళీ ఫోటోయే! 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం చేరినవి. ఆ తరువాత అమరావతిలో సూయెల్, బర్జెస్, రీ వంటివారు త్రవ్వినవి చాలావరకు మద్రాసులో నిలిచినవి. కొన్ని కలకత్తాలో ఉన్నవి, కొన్ని అమరావతి మ్యూజియంలోనే ఉన్నవి. ఒక్క స్తూపపు ప్రాకారం ఇన్ని ఊళ్ళ పాలైనది.

ఇప్పుడు ఈ కాగితాలన్నీ వరుసగా పేర్చి చూడండి. లండను పలకలకు ఇటీవలి రెండు వందల ఏళ్ళలో ఒక్క లింకు కూడా తెగలేదు. చందవరం పలకలాగ దొంగసంతకం లేదు. ఎవరు తీసినారు, ఎప్పుడు పంపినారు, ఏ ఓడరేవు, ఏ కొట్టం, అంతా ఉన్నది. లెక్కప్రకారం దీనిని మించిన సక్రమమైన సరుకు లేదు. కాని పంపినవారి గడిలో ఎవరి పేరున్నది? దొరతనం. పుచ్చుకొన్నవారి గడిలో? దొరతనమే. తన పేర తానే బుక్ చేసి తానే విడిపించుకున్న మూట! విధికునిగాని, చైత్యాన్నిగాని, ఊరివారినిగాని సంతకం అడిగినవాడు లేడు. దస్తావేజు సరిగా ఉండడం వేరు, హక్కు సరిగా ఉండడం వేరు అని మాకు తోస్తున్నది. కాగితాలు ఎంత వెదకినా మొదటిదానికే సమాధానం చెప్పగలవు. రెండవదానికి మనుష్యులు కూర్చుని చెప్పుకోవాలి. బ్రిటిష్ మ్యూజియంవారు 1963 నాటి తమ చట్టం అడ్డు చూపుతారు. ఏవో కొద్ది సందర్భాలలో తప్ప వస్తువులు వదులుకోరాదని ఆ చట్టంలో ఉన్నమాట నిజమే.

ఇటువైపు మాట కూడా చెప్పకపోతే పక్షపాతమవుతుంది. దిన్నె రాళ్ళు కొన్ని సున్నపు బట్టీలో కాలిపోయినవి, కాల్చినవారు మనవారే. లండను పోయిన రాయి నేడు కనిపిస్తున్నది, బట్టీకి పోయిన రాయి ఏ గోడకు పూసిన సున్నంలో ఉన్నదో! ఈ మాట విని కొందరు, అయితే దొరలు తీసుకుపోవడమే మేలు కదా అంటారు. మేము ఒప్పుకోము. కాలుతున్న ఇంటినుంచి పెట్టె బయటికి తెచ్చినవాడికి కృతజ్ఞత చెప్పాలి, పెట్టె మాత్రం ఇంటివారిది. తక్షణం తిరిగి ఇవ్వకపోయినా, శిల్పం పక్కనున్న చీటీలో ఊరు, శతాబ్దం రాసి ఊరుకోక, విధికుని నాటినుంచి ఓడ దాకా దారి అంతా రాయాలని అడగడానికి మనకు హక్కు ఉన్నది. ఆ చీటీ చదివిన తెలుగుపిల్లకు, ఇది మనది, ఇట్లా ఇక్కడికి వచ్చినది అని తెలుస్తుంది.

సరే, లండను దూరం. మన ఊళ్ళు దగ్గర. ఇక్కడ కూర్చున్న మనలో ఊళ్ళో ఇల్లు అమ్ముకున్నవారు, తాళం వేసి వచ్చినవారు, ఏడాదికొకసారి జాతరకో సంక్రాంతికో పోయి వచ్చేవారు ఉన్నారు. పెద్దకుటుంబాలు ఊళ్ళు వదిలిన తరువాత గుడి తలుపు తీసేవారు తగ్గినారు. ధూపదీపాలకు ఒక పూజారి, ఆయనకూ రెండు మూడు ఊళ్ళు. గర్భగుళ్ళో మూలవిరాట్టుకు భయం తక్కువ. భయమంతా బయట ఉన్నవాటికి. ముక్కు విరిగిన విగ్రహం పూజకు పనికిరాదని రావిచెట్టు కింద పెడతారు కదా, నాగశిలలు, వీరగల్లులు, సగం మట్టిలో కూరుకున్న నంది, పొలం గట్టుమీద ఎవరో తెలియని సన్యాసి బొమ్మ. వీటికి లెక్క రాసినవాడు లేడు. ఒక రాత్రి లేకపోతే, ఉన్నదని రుజువు చేసేది ఏమిటి? పోలీసు ఠాణాలో "విగ్రహం పోయినది" అని రాయిస్తాము. ఎంత ఎత్తు? ఏ రాయి? చేతిలో ఏమున్నది? ఎవరికీ నోట మాట రాదు. రోజూ చూసిన వస్తువును వర్ణించడమే కష్టం!

ఇట్లా గుర్తులు రాసుకోవడానికి 1997 నుంచి ఒక అంతర్జాతీయ పద్ధతి ఉన్నది. ఆబ్జెక్ట్ ఐడి అంటారు. పెద్ద విద్య ఏమీ కాదు. ఫోటో, వస్తువు పేరు, దేనితో చేసినది, కొలతలు, మీద రాతలు ఉంటే అవి, ప్రత్యేకమైన గుర్తులు. ఈ చివరిది బాగా పట్టించుకోవాలి. మనం ఫోటో తీసేటప్పుడు విరిగినచోటు కనపడకుండా పూలమాల సర్దుతాము. దొంగను పట్టించేది ఆ విరిగిన చోటే. ఒకే శిల్పి చెక్కిన రెండు నందులు ఒక్కలాగ ఉండవచ్చు, రెండిటికి చెవి ఒకేచోట ఒకే తీరుగా విరగదు. పార్సెలు ఆఫీసులో మూట చినిగి వస్తే ఎక్కడ చినిగినదో రాసుకునేది కూడా ఇందుకే. అలంకారం లేనప్పుడు, అర్చకుల అనుమతితో, ముందునుంచి, పక్కనుంచి, సాధ్యమైతే వెనుకనుంచి తీయాలి. పక్కన ఒక స్కేలుబద్ద పెట్టాలి. తీసిన తేదీ రాయాలి. గుడిలో ఫోటో వద్దన్నచోట బలవంతం చేయవద్దు. కొలిచి, చూసినది చూసినట్లు రాసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఈ ఫోటోలు తీసి, ఊరి పేరుతో సహా ఫోనులో పదిమందికి పంపితే దొంగకు మనమే దారి చెప్పినవారమవుతాము. ఒక ప్రతి ఊరి పెద్దల దగ్గర, ఒక ప్రతి మన దగ్గర ఉంటే చాలును. ఇళ్ళలో వంద ఏళ్ళు దాటిన రాతి, లోహ విగ్రహాలు ఉన్నవారు ఇంకొక సంగతి గమనించాలి. 1972 నాటి చట్టం ప్రకారం అటువంటివాటిని రిజిస్టరు చేయించుకోవాలి. ఈ పేటలో పాత ఇత్తడిని తూకానికి కొనే అంగళ్ళు ఉన్నవి. ఇల్లు మారేటప్పుడు అవ్వగారి పూజామందిరాన్ని తూకానికి వేసే ముందు, అది ఏ ఊరినుంచి వచ్చినది, ఎవరి తరంలో వచ్చినది అని ఇంట్లో పెద్దలను అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. ఆ తరువాత మీ ఇష్టం.

కార్యదర్శిగారి అనుమతితో సంఘంలో ఒక రిజిస్టరు తెరిచాము. పేజీకి ఒక విగ్రహం. ఊరు, తాలూకా, జిల్లా, కొలతలు, గుర్తులు, ఫోటో అంటించడానికి చోటు, చివర చూసినవారి సంతకం. మొదటి పేజీలో మా ఊరి రావిచెట్టు కింద ఉన్న నంది ఉన్నది. ఎడమ కొమ్ము లేదు, మెడ గంటల పట్టెడలో మూడవ గంట పగిలి ఉన్నది, పొడవు రెండడుగుల ఒక అంగుళం. రిజిస్టరు సంఘం గదిలో బీరువాలో ఉంటుంది, తాళం కార్యదర్శిగారి వద్ద. వేసవి సెలవులకు ఊరు వెళ్ళేవారికి ఇవ్వడానికి నమూనా కాగితాలు అచ్చు వేయించి ఉంచాము. ఈ సాయంత్రం పులిహోర పుచ్చుకునేచోటనే, బల్లమీద, నీళ్ళకూజా పక్కన ఉన్నవి.